కొలవకుండా విడిచిన మట్టి

మేస్త్రి పోయాడని కాలేజీ నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. అంతకు ముందు రెండుసార్లు పోతున్నానని కబురు పెట్టి పోకుండా ఉండిపోయిన మనిషి. మొదటిసారి దుకాణం షట్టర్ సగం దించి ఉరికాను. రెండోసారి చేతిదాకా వచ్చిన బేరం వదిలి వెళ్లాను. రెండుసార్లూ నేను చేరేసరికి ఆయన మంచం మీద కూర్చుని, ఫాదర్ ప్రార్థన చేసి నుదుటికి పూసిన నూనెను తువ్వాలతో తుడుచుకుంటూ, టీ చల్లారిపోయిందని సణుగుతున్నాడు. అందుకే మూడోసారి ఫోన్ చేసిన ఆఫీసు గుమాస్తాను నేను మొదట అడిగింది, డాక్టర్ వచ్చి చూశాడా అని. గుమాస్తా, "శవపెట్టె గూడ వచ్చింది సార్" అన్నాడు. అప్పుడు షట్టర్ పూర్తిగా దించాను.

మాది వనపర్తిలో పారలు, గడ్డపారలు, తట్టలు, తాళ్లు, టార్పాలిన్లు అమ్మే దుకాణం. మా నాన్నది, ఆయన తర్వాత నాది. మా వీధిలో ఎటు చూసినా దుకాణాలే. పక్కన కిరాణా, ఎదురుగా బట్టలు, మూల మీద మా పెదనాన్న నూనె దుకాణం. పిల్లలు అక్షరాలు దిద్దే వయసులో మాకు మనుషుల్ని చూడడం నేర్పారు. వస్తువును మెచ్చుకునేవాడు కొనడు, వంక పెట్టేవాడే కొంటాడు. చెప్పిన ధరకు మారుమాట లేకుండా సరేనన్నవాణ్ని గుమ్మం దాటేదాకా కనిపెట్టి ఉండాలి. ఈ చదువు నాకు ఎంత ఒంటబట్టిందంటే, దవాఖానలో డాక్టర్ పది రోజుల మాత్రలు రాస్తే ఏడు రోజులకు బేరమాడి వచ్చానని మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఎనిమిదో రోజు జ్వరం తిరగబెట్టిన సంగతి కూడా కలిపే చెబుతుంది.

అలాంటి వీధికి ఏడాదికి రెండుమూడుసార్లు ఆయన వచ్చేవాడు. ఊళ్లో అందరికీ ఆయన మేస్త్రి. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ల పైకి కట్టిన పంచె, కాలేజీవాళ్లు ఇచ్చిన ఖాకీ చొక్కా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. పార కొనాలంటే దాన్ని మా గడపరాయి మీద ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత ఆగేదాకా వినేవాడు. కట్టెను కంటికి ఆనించి ఒక కన్ను మూసి వంకర ఉందేమో చూసేవాడు. వానాకాలం ముందు టార్పాలిన్ కొనడానికి వస్తే దాన్ని నడిరోడ్డు మీద విప్పించి, ఎండకు ఎత్తి పట్టి, సూదిమొన అంత బొక్క కోసం వెతికేవాడు. రెండు పక్కలా ఆటోలు ఆగిపోయేవి. మా నాన్న లోపల గొణుక్కునేవాడు గానీ పైకి అనేవాడు కాదు. వంక పెట్టేవాడే కొంటాడు కదా.

మాట్లాడేటప్పుడు ఆయన ఎదుటివాడి ముఖం చూడడు. కాళ్లు చూస్తాడు. చెప్పుల అంచున, మడమల పగుళ్లలో, ప్యాంటు మడతల్లో అంటిన మట్టిని బట్టి మనిషి ఎటు తిరిగి వచ్చాడో చెప్పేవాడు. ఎర్ర చెల్క అయితే ఒక దిక్కు, సౌడు అయితే ఒక దిక్కు, నల్ల రేగడి అయితే కృష్ణ ఒడ్డు ఊళ్లు. ఒకసారి మా నాన్న పెబ్బేరు దారిలో ఒక ప్లాటు చూసి వచ్చి, పొద్దటి నుంచి గల్లా మీద నుంచి లేవలేదని మా పెదనాన్నతో చెబుతున్నాడు. అదే సమయానికి మేస్త్రి వచ్చాడు. నాన్న కాళ్ల వైపు ఒకసారి చూసి, ప్లాటు నచ్చిందా సేటూ అని అడిగాడు. అన్నదమ్ములు నెల రోజులు మాట్లాడుకోలేదు. అప్పటి నుంచి మేస్త్రి వీధి మలుపు తిరుగుతుంటే చాలు, మా నాన్న లోపలికి వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చునేవాడు.

కాలేజీలో ఆయన తోటమాలి, కాపలాదారు, గంట కొట్టేవాడు. ఆ పనులన్నీ అక్కడ ఉండడానికి దొరికిన సాకులని నా అనుమానం. ఆయన అసలు కొలువు, మైదానం నడుమ ఉన్న మట్టిదిమ్మెకు కాపలా.

మనిషి కన్నా ఎత్తు. రెండు మంచాలు పట్టేంత వెడల్పు. చుట్టూ కంప, నెత్తిన గరిక. చదునైన మైదానంలో అదొక్కటీ ఎందుకు నిలబడి ఉందో తెలియక ఊరు తలా ఒక కథ అల్లుకుంది. దాని కింద బంగారు నాణేల కుండ ఉందని ఒకరు. మొదటి ఫాదర్‌ను అందులోనే పూడ్చారని ఇంకొకరు. ఆయన తన సొంత ఊళ్లో, కేరళలో, అందరి ముందు పోయాడన్నా నమ్మరు. మా నానమ్మ కథ అన్నిటికన్నా పెద్దది. లోపల ఒక సిలువ నాటారట, అది పెరిగి పైకి వచ్చిన రోజున వనపర్తి మొత్తం కిరస్తానం వాళ్లలో కలిసిపోతుందట. నేను ఇంటర్‌కు ఆ కాలేజీలో చేరినప్పుడు, అక్కడ ఎవరు నీళ్లు చల్లినా తల పక్కకు తిప్పుకోమని చెప్పి పంపింది.

పాలమూరు కూలీల పని చూసినవాళ్లకు మాత్రం ఆ దిమ్మె సంగతి చూడగానే తెలుస్తుంది. మట్టి తవ్వే కూలి లోతును బట్టి ఉంటుంది. తవ్వేశాక అంతకు ముందు నేల ఎంత ఎత్తున ఉండేదో ఎవరు చెప్పాలి? అందుకని గుంపు తవ్వుకుంటూ పోతూ నడుమ నడుమ ఒక్కో దిమ్మెను ముట్టకుండా విడిచిపెడుతుంది. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి అలాగే ఉంటాయి. కొలిచేవాడు వచ్చి దిమ్మె ఎత్తు కొలుస్తాడు. అదే తవ్విన లోతు. కొలత అయ్యాక దిమ్మెను కూడా తవ్వేస్తారు. ఇందులో ఉన్న మోసం కూడా అంతే పాతది. గరికను మూత తీసినట్టు పలకగా లేపి, కింద రెండు గంపల మట్టి పోసి, మళ్లీ గరికను కప్పితే దిమ్మె జానెడు పెరుగుతుంది. తవ్వని జానెడుకు కూలి వస్తుంది.

కాలేజీ కట్టేటప్పుడు నేను ఆరో తరగతి. ఊరి చివర ఎవరికీ పనికిరాని మొరం గుట్ట అది. దాన్ని చదును చేయడానికి వీపనగండ్ల దిక్కు నుంచి నలభై మంది గుంపు వచ్చింది. ఆ గుంపుకు ఈయన మేస్త్రి. ఆడా మగా కలిసి ఒక ఎండాకాలం తవ్వారు. కొలతల రోజున బిల్డింగ్ పని చూసే ఓవర్సీర్ దిమ్మెల చుట్టూ తిరిగి, వీటికి నెత్తిన మట్టి పోసి ఎత్తు పెంచారని అన్నాడు. మేస్త్రి కొలవమన్నాడు, కోసి చూడమన్నాడు. మాటా మాటా పెరిగింది. అప్పటి ఫాదర్ గొడవలు చూడలేని మనిషి. కొలతా వద్దు, కోతా వద్దు, అడిగినంతా ఇచ్చేయమన్నాడు. ఆ ఆదివారం పూజలో ప్రసంగం కూడా చెప్పాడు. పేదవాళ్లు ఆకలికి రెండు గంపలు ఎక్కువ పోసి ఉండొచ్చు, దేవుడు మనల్ని క్షమించినట్టు మనమూ క్షమిద్దాం అని. గుంపు మొత్తం, అప్పట్లో పూజలు జరిగే రేకుల షెడ్డులో కింద కూర్చుని విన్నది.

మరునాడు దిమ్మెలు తీసేస్తుంటే మేస్త్రి చివరిదానికి అడ్డం నిలబడ్డాడు. కొలిస్తే తీయండి, కొలవకుంటే ఉండనియ్యండి అన్నాడు. ఫాదర్ దానికీ సరేనన్నాడు. అన్నిటికీ సరేననడమే ఆ ఫాదర్‌తో వచ్చిన చిక్కు. నా ఫీజు విషయంలో మా నాన్న సగం తగ్గించమని అడిగితే ఆయన వెంటనే తగ్గించాడు. మా నాన్న ఇంటికి వచ్చి, ఇంకా తక్కువ అడగాల్సిందని వారం రోజులు కుమిలిపోయాడు. మేస్త్రి బాధ అలాంటిదే, కాకపోతే మాకన్నా మర్యాదైంది. కూలి ముట్టింది, కొలత ముట్టలేదు. గుంపు ఊరికి పోయింది. ఆయన భార్యతో సహా కాలేజీలోనే ఉండిపోయాడు. ఫాదర్ తర్వాత ఫాదర్ మారారు. వాళ్లెవరికీ ఆ మట్టి కొలవాల్సిన అవసరం రాలేదు.

అవసరం ఆయనకు ఉంది. ఆయన ఊరి జనం బొంబాయి పోయినా, బెంగళూరు పోయినా, ఏ కాలువ పనికి పోయినా వాళ్లకన్నా ముందు ఆ మాట పోయి కూర్చునేది. ఏ ఊరని అడిగి, ఓహో మీ ఊర్ల దిమ్మెలు వానకు మొలుస్తయట గదా అని నవ్వేవాళ్లట. మా దుకాణంలో కూడా ఎవరో ఒకసారి ఆ మాటే అన్నారు. మేస్త్రి చేతిలో ఉన్న పారను మోత వినకుండానే కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆయన మోత వినకుండా పార కొనడం నేను చూసింది అదొక్కసారే.

మా నాన్న అభిప్రాయం వేరు. కొలవమని అంత గట్టిగా అడిగేవాడు తక్కెడను ముందే సర్దుకుని ఉంటాడని ఆయన నమ్మకం. ఆస్తితో పాటు ఆ నమ్మకమూ నాకు వచ్చింది.

ఇంటర్ రెండో ఏడు నేను ఇద్దరు దోస్తులతో క్లాసులు ఎగ్గొట్టి సోమశిల పోయాను. కృష్ణలో మునిగి, పడవ ఎక్కి, సాయంత్రం చివరి పీరియడ్ హాజరుకు అందుకోవాలని కొల్లాపూర్ బస్సు దిగి ఉరుకుతుంటే గేటు దగ్గర మేస్త్రి. నేను అడగకముందే తిమ్మాజిపేటలో మా అత్తమ్మకు బాగాలేదని చెప్పాను. అడగకముందే చెప్పడం ఎంత తప్పో మా వీధిలో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఆయన వంగి నా ప్యాంటు మడతలో వేలు పెట్టి, చిటికెడు ఇసుక తీసి అరచేతిలో రుద్దాడు.

"మీ అత్తమ్మ కృష్ణల ఉంటదా, చిన్న సేటు?" అన్నాడు. "గిది నీళ్ల అంచు ఇసుక. జర మెరుస్తున్నది జూడు."

ప్రిన్సిపాల్‌కు చెబితే మా నాన్నను పిలిపిస్తారు. నేను బేరానికి దిగాను. ఏం కావాలో అడగమన్నాను. ఆయన ఆలోచించకుండా చెప్పాడు. పిల్లలెవరూ దిమ్మె ఎక్కకుండా, గరిక పీకకుండా చూసుకోవాలి. అంతే. ఆ సంవత్సరమంతా నేను క్రికెట్ ఆడింది తక్కువ, దిమ్మె దగ్గర కాపలా కాసింది ఎక్కువ. బంతి దిమ్మెకు తగిలితే రెండు పరుగులని రూలు పెట్టింది కూడా నేనే, దాన్ని ఎక్కి బంతి తీయకుండా. చవగ్గా బయటపడ్డానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు లెక్క వేస్తే, ఒక చిటికెడు ఇసుకకు ఏడాది వెట్టి చేయించుకున్నాడు.

కాలేజీకి నలభై ఏళ్లు నిండుతున్నాయని పోయిన ఏడాది కమిటీ వేశారు. ఒక పుస్తకం వేయాలని, అందులో కాలేజీ చరిత్ర నన్ను రాయమని అడిగారు. నేను బాగా రాస్తానని కాదు, మిగతా పాత విద్యార్థులందరికీ పనులున్నాయి. వెనక అట్ట మీద మా దుకాణం ప్రకటన ఉచితంగా వేస్తేనే రాస్తానన్నాను. వేస్తామన్నారు. ముందు అట్ట అడగాల్సింది.

కొత్త ప్రిన్సిపాల్ ఫాదర్ చిన్నవాడు, నెమ్మదస్తుడు. నలభై ఏళ్ల పండుగ స్టేజీకి మైదానం చదును కావాలి, దిమ్మె తీసేయాలి. ఆయన మేస్త్రిని మూడుసార్లు మర్యాదగా అడిగాడట. మేస్త్రి మూడుసార్లూ ఫాదర్ చెప్పుల వైపు చూసి ఊరుకున్నాడట. మేస్త్రికి అప్పటికి ఎనభై దగ్గర పడ్డాయి. భార్య పోయింది. ఆయన్ను నొప్పించి మట్టి తీయించడం ఫాదర్‌కు ఇష్టం లేదు. బేరాలు తెలిసినవాడినని నన్ను పంపాడు.

నేను అలవాటు ప్రకారం సరుకుకు వంక పెట్టి మొదలుపెట్టాను. పాములుంటాయన్నాను, వానకు కూలి ఎవరి మీదో పడుతుందన్నాను. ఆయన విన్నాడు.

"తియ్యొద్దని నేనెప్పుడన్నా అన్ననా సేటు? కొలిచి తియ్యమన్న. నిలువున కోసి, అందరు చూసినంక తియ్యమన్న."

నిలువునా కోస్తే నిజం దాగదు. పాత నేల పొరలు పొరలుగా ఉంటుంది, పోసిన మట్టి కలగాపులగంగా ఉంటుంది. నేను సరేనన్నాను. ఆయన ఇంకో షరతు పెట్టాడు, జేసీబీ వద్దు, పారతోనే కోయాలి. సరేనన్నాను. ఆదివారం పూజ అయ్యాక, జనం ఉండగానే. సరేనన్నాను. గుంపులో బతికి ఉన్నవాళ్లను పిలిపించాలి. కారు పెట్టి తెప్పిస్తానన్నాను. జీవితంలో ఏ బేరంలోనూ నేను అన్నిసార్లు సరేనని ఉండను. నేను అంటున్నకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది. ఫీజు తగ్గిన రోజు మా నాన్న ముఖం అలాగే ఉండింది.

ఆ ఆదివారానికి రెండు రోజుల ముందు ఆయన మొదటిసారి పోతున్నానన్నాడు. ఛాతీలో నొప్పి. ఫాదర్ వచ్చి, చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం విని, నూనె పూసి, ప్రార్థన చేశాడు. ఆదివారం దాటాక నొప్పి తగ్గింది. తర్వాత ఈస్టర్ ముందు తపస్సుకాలం వచ్చింది, ఆ నలభై రోజులు పనులు వద్దన్నాడు. ఈస్టర్ అయ్యాక మళ్లీ రోజు అనుకున్నాం. మళ్లీ రెండు రోజుల ముందే మంచం, ఫాదర్, నూనె, టీ.

ఇన్నేళ్లు కొలవమన్న మనిషి, కొలుస్తామంటే మంచం ఎక్కుతున్నాడు. తక్కెడ ఖాళీ పళ్లెం పదిసార్లు చూపించే వ్యాపారిని చూసినప్పుడు ఎలా ఉంటుందో నాకు అలా ఉంది. దొరికాడనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ సంతోషం కూడా వేసింది. మా నాన్న మాట నిజమవుతోంది.

పాపసంకీర్తనంలో చెప్పే ఉంటాడని ఫాదర్ దగ్గరికి వెళ్లాను. అక్కడ విన్నది ఎవరితోనూ చెప్పకూడదని ఫాదర్ నవ్వుతూ అన్నాడు. చెప్పొద్దన్నాను. మేస్త్రి మట్టి పోసినట్టు చెప్పి ఉంటే చేతిలో ఉన్న ఆ టీ ఒక గుక్క తాగండి, లేదంటే కప్పు కింద పెట్టండి, నాకు అర్థమవుతుంది అన్నాను. ఫాదర్ తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు. కప్పు అలాగే చేతిలో పట్టుకుని, టీ మీద మీగడ కట్టేదాకా నా వైపు చూస్తూ కూర్చున్నాడు. అంత గట్టి బేరగాడు మా వీధిలో కూడా లేడు.

చివరికి మేస్త్రినే అడిగాను. మధ్యాహ్నం, కాలేజీ వదిలేశారు. ఆయన నిచ్చెన వేసుకుని రెండో మెట్టు మీద నిలబడి, చెంబుతో గరిక మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. ఎండాకాలంలో రోజూ చేసే పనే. మట్టిని చేత్తో ముట్టడు, గరికను మాత్రం ఎండనివ్వడు.

"మేస్త్రీ, నా ప్యాంటు మడతల ఇసుక చూసి సోమశిల అని చెప్పినవ్. గా గరిక కింద గోరు పెట్టి గింతంత మట్టి తీస్తే, అది పాతదా, పోసిందా అని నీకు తెల్వదా?"

ఆయన చెంబులో మిగిలిన నీళ్లన్నీ గరిక మీద పోశాడు.

"తెలుస్తది," అన్నాడు. "అందుకే పెట్టలే."

దిగి నిచ్చెనకు ఆనుకుని కూర్చున్నాడు. కొలతలకు ముందు వాళ్లమ్మ పోయిందట. మూడు రోజులు ఊరికి పోయి వచ్చాడు. ఆ మూడు రోజులు గుంపు ఇక్కడే ఉంది. తాను పోయలేదు, పోయమని చెప్పలేదు, అంతవరకు సిలువ ముందు కూడా చెబుతానన్నాడు. తన మంది పోయరని కూడా అప్పుడు అంత నమ్మకంగానే ఉన్నాడు, అందుకే ఓవర్సీర్ మీదికి పోయాడు. కొలవమని ఇరవై ఏళ్లు కాపలా కాశాడు. ఆ తర్వాత గుంపులో ఎవరి బిడ్డదో పెళ్లి. భోజనాల దగ్గర పాత ముచ్చట్లు వచ్చి, గుంపులో పనిచేసిన ఒకామె నవ్వుకుంటూ, ఆ దిమ్మె నెత్తిన గంప బోర్లించింది నేనే అన్నది. వెంటనే, ఉత్తగా అన్నాననీ అన్నది. భోజనాల బంతి మొత్తం నవ్వింది. ఈయనా నవ్వాడు.

"అడిగినవా మల్ల?" అన్నాను.

"అడిగితే చెప్తది," అన్నాడు. "అడగలే."

ఆ రోజు నుంచి ఇంకో ఇరవై ఏళ్లు, ఎవరూ కొలవకూడదని కాపలా. కొలవమనే మాట మాత్రం నోటితో అంటూనే ఉన్నాడు, ఇప్పుడెవరు కొలుస్తారులే అన్న ధీమాతో. నేను కారు పెడతాననేసరికి నిజంగానే ఛాతీ నొప్పి వచ్చిందట. అది మాత్రం నటన కాదని ఒట్టు పెట్టాడు. నేను నమ్మానని చెప్పలేను.

నేను ఊరడించబోయాను. కోస్తే బాగానే తేలొచ్చు కదా, మంచి మట్టే ఉండొచ్చు కదా అన్నాను. ఆయన మొదటిసారి నా కాళ్లు విడిచి ముఖం చూశాడు.

"పోసిన మట్టి ఉన్నదనుకో సేటు. నలభై మందిల ఒకరు చేసింది నలభై మంది మీద పడ్తది. సగం మంది లేరు, వచ్చి కాదనేటందుకు. లేదనుకో, మంచిదే. మల్ల నేను ఇరవై ఏండ్లు నా మందిని అనుమానపడ్డ గద. గా మట్టి యాడ పోస్త?"

ఎదుటివాడు ఒక మాట అంటే దానికి తగ్గించి ఒక మాట అనడమే నాకు తెలిసిన విద్య. ఎండగా ఉందని చెప్పి లేచి వచ్చేశాను. కమిటీకి మాత్రం, ముసలాయన ఆరోగ్యం కుదుటపడ్డాక చూద్దామని చెప్పి, వానాకాలం దాటించాను. ఆయన చాకచక్యం ఏదో నాకూ అంటింది.

వానలు తగ్గిన వారానికే మూడోసారి ఫోన్ వచ్చింది. చర్చి వెనక సమాధుల తోటలో భార్య పక్కన పూడ్చారు. ఊరి నుంచి ఆటోలో పాత గుంపువాళ్లు ముగ్గురే వచ్చారు, ఇద్దరు ముసలివాళ్లు, ఒక ముసలమ్మ. ముసలమ్మ నడుం సగానికి వంగిపోయి ఉంది. పెట్టె మీద అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే ఆమె మాత్రం వంగి రెండు చేతులతో దోసెడు ఎత్తి, మట్టి పని చేసేవాళ్లు గంప నింపే పద్ధతిలో, ఒక్క విసురుతో వేసింది. పెళ్లిలో నవ్విన మనిషి ఈమేనా అని నాకు అనుమానం వచ్చింది. ఆ పేరు మేస్త్రి నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సాయంత్రం బస్సు అందక వాళ్లు హాస్టల్ గదిలో ఉండిపోయారు.

మరునాడు పొద్దున్నే జేసీబీ వచ్చింది. కాలేజీ పండుగ పది రోజుల్లో ఉంది, ఇక ఆపేవాళ్లు లేరు. ఫాదర్ నన్నూ పిలిపించాడు. ముగ్గురు ముసలివాళ్లూ గదిలో నుంచి వచ్చి కంప పక్కన నిలబడ్డారు. డ్రైవర్ ఇంజన్ ఆపకుండానే, నిలువునా కోయాలా, పైనుంచి గీకాలా అని అరిచాడు.

ఫాదర్ నా వైపు చూశాడు. నలభై ఏళ్ల అనుమానం, మా నాన్నది, ఊరిది, నాది, జేసీబీ తొట్టి ఒక్కసారి దింపితే తేలిపోతుంది. నిలువునా కోస్తే చాలు. నేను తప్ప అక్కడ ఎవరూ అది అడగరు కూడా. నాకు ఎంత చూడాలని ఉందో చెబితే నవ్వుతారు.

ముందు కొలుస్తామన్నాను. కొలిచాక పైనుంచి పల్చగా గీకుకుంటూ రమ్మన్నాను, మట్టి అంతా కలిసిపోయేటట్టు. డ్రైవర్‌కు ఎందుకో అర్థం కాలేదు. ఫాదర్‌కు అర్థమైందో లేదో, కప్పు పట్టుకున్న రోజున ఉన్నట్టే ఉంది ఆయన ముఖం.

దుకాణం నుంచి కొత్త ఇనుప టేపు తెచ్చుకున్నాను. పైన ఒక కొస పట్టుకునేవాళ్లు కావాలి. నాకు నిచ్చెన ఎక్కే ఒళ్లు కాదు. ఫాదర్ అంగీ ఎత్తిపట్టుకుని కదలబోతుంటే ముసలమ్మ అడ్డుపడింది.

"నువ్వుండు ఫాదరూ. నేనెక్కుత. గిసొంటియి ఎన్ని ఎక్కలే."

ఎవరు వద్దన్నా వినలేదు. నిచ్చెన మీద ఒక్కో మెట్టుకు కాసేపు ఆగుతూ, వంగిన నడుంతోనే ఎక్కి, గరిక మీద చతికిలబడి కూర్చుంది. టేపు కొస అందించాను. నేను కింద మైదానం మట్టానికి వంగి, రెండో కొసను నేలకు అదిమి పట్టి, టేపు బిగువుగా ఉందో లేదో చూడడానికి తల పైకెత్తాను.

ఆమె చేయి గరిక మీద ఆని లేదు. టేపు కొసకూ గరికకూ నడుమ నుంచి ఆకాశం కనిపిస్తోంది. రెండు వేళ్ల సందు, అంతకన్నా జర ఎక్కువే. నా జన్మంతా ఆ సందులు పట్టుకోవడంలోనే గడిచింది. తాడు కొలిచేటప్పుడు, తీగ కొలిచేటప్పుడు, ఎవరి వేలు ఎక్కడ జరుగుతుందో నాకు వీపు తిప్పుకుని ఉన్నా తెలుస్తుంది. ఆమె నా వైపు చూడడం లేదు. చేయి వణకడమూ లేదు.

"ఎంతొచ్చింది సేటు?" అన్నది. "మంచిగ జూడు."

ఆ సందు తీసేయకుండా, ఏడడుగుల ఆరు ఇంచులు అని గట్టిగా చదివాను.

ఫాదర్ జేబులో నుంచి చిన్న పుస్తకం తీశాడు. రాయబోయి ఆగాడు. ఇది కాలేజీ చరిత్రలోకి పోతుంది, ఆ గుంపు తవ్విన లోతు ఇంత అని అచ్చులో ఉండిపోతుంది, ఇంకోసారి చూస్తారా అని అడిగాడు.

"చూసిన ఫాదర్," అన్నాను. "రాసుకోండి."